480 జీబీ ఎస్‌ఎస్‌డీని విండోస్‌కి, లినక్స్‌కి ఎట్లా పంచాలి?

ప్రశ్న: అన్నా, కడపలో మాది డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. సిస్టమ్ ఐ5 పదో తరం, ర్యామ్ 16 జీబీ. 1 టీబీ పాత హార్డ్ డిస్క్‌లో విండోస్ 10 ఉంది, సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగా చూపిస్తోంది. కొత్తగా 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కొన్నాను. దాంట్లో విండోస్ 11 కంప్లీట్‌గా వేయాలి. బీటెక్ చదివే మా బామ్మర్ది సాయంత్రం పూట ఇదే సిస్టమ్ మీద కూర్చుంటాడు, వాడికి ఉబుంటు 'ఫుల్ ఇన్‌స్టాలేషన్' కావాలంట. షాపతను సి, డి, ఇ అని మూడు సమాన భాగాలు చేసిస్తా అంటున్నాడు. దేనికి ఎన్ని జీబీలు పెట్టాలి? అను ఫాంట్స్‌తో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్లు కూడా తెరుచుకోవాల.

సమాధానం:

తమ్ముడూ, షాపతను చెప్పిన సమాన భాగాల మాట ముందు పక్కన పెట్టండి. అది అన్నదమ్ముల ఆస్తి పంపకం. ఆస్తికి న్యాయం కావచ్చు గానీ డిస్క్‌కి కాదు. ఏడాది తిరిగేసరికి సి నిండిపోతుంది, డి సగం ఖాళీగా ఉంటుంది, ఇ ఎందుకుందో ఎవరికీ గుర్తుండదు. కడప, కర్నూలు వైపు డీటీపీ సెంటర్లలో సర్వీసుకి వచ్చే సిస్టమ్‌లలో ఎక్కువ భాగం ఇదే కథ. మీ పాత డిస్క్ కూడా అట్లాగే విడగొట్టి ఉంటుందని పందెం కాస్తాను. సి ఎర్రబడినప్పుడు పక్క డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో ఒకసారి చూడండి.

ఇన్‌స్టాల్ చేసిన రోజు ఎంత పట్టింది అన్నది అసలు లెక్కే కాదు. రెండేళ్ల తర్వాత ఏది ఎంత పెరుగుతుంది, పెరిగినప్పుడు దానికి అడ్డం ఏముంటుంది, ఇదీ చూడాల్సింది. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కి కనీసం 64 జీబీ అంటుంది, ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌కి 25 జీబీ అంటారు. అవి ఇన్‌స్టాలర్ ఒప్పుకోవడానికి చాలే అంకెలు. మీ షాపు నడవడానికి చాలేవి కావు.

లెక్కకు ముందు ఒక మాట. 480 జీబీ అని డబ్బా మీద ఉన్నా విండోస్‌లో 447 అనే కనిపిస్తుంది. మోసం ఏమీ లేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1024 చొప్పున లెక్కపెట్టి కూడా జీబీ అనే రాస్తుంది. మీ 1 టీబీ కూడా అందుకే 931 అని చూపిస్తుంది. లినక్స్‌లో మళ్లీ ఇంకో తిరకాసు ఉంది. జీపార్టెడ్ అనే డిస్క్ విడగొట్టే టూల్ 1024 లెక్కలో చూపిస్తే, ఉబుంటుతో వచ్చే డిస్క్స్ అనే టూల్ వెయ్యి లెక్కలో చూపిస్తుంది. ఒకే పార్టిషన్ (డిస్క్‌ని విడగొట్టిన ఒక ముక్క) రెండు చోట్ల రెండు సైజుల్లో కనబడిందని టెన్షన్ పడొద్దు. కింద నేను చెప్పేవన్నీ విండోస్ లెక్కలోనే, అంటే మొత్తం 447 నుంచి పంచుతున్నాను.

ఇప్పుడు విండోస్. విండోస్ 11 వేసి, అప్‌డేట్లన్నీ అయ్యాక సిస్టమ్ ఫైళ్లకు 40 జీబీ అనుకోండి. హైబర్నేషన్ ఫైల్ (సిస్టమ్ ఆగేముందు ర్యామ్‌లో ఉన్నది దాచుకునేది) మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, మీ 16 జీబీకి ఆరున్నర దాకా. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునేది) పెద్ద పనులప్పుడు ర్యామ్ అంత సైజుకు పెరగొచ్చు, ఒక 16 వేసుకుందాం. అప్‌డేట్ల కోసం విండోస్ తనంతట తానే 7 జీబీ దాకా పక్కన పెట్టుకుంటుంది. పెద్ద వెర్షన్ అప్‌డేట్ వచ్చినప్పుడు పాత విండోస్ మొత్తాన్ని విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో పది రోజులు దాచి ఉంచుతుంది. ఆ పది రోజులు 25 జీబీ అదనం. చాలామంది సి డ్రైవ్‌లు ఎర్రబడేది సరిగ్గా ఆ వారంలోనే. కోరల్‌డ్రా, ఫోటోషాప్, ఆఫీస్, బ్రౌజర్లు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ కలిపి 30. ఇంతవరకు అందరికీ ఉండేదే.

మీకు ప్రత్యేకంగా ఉండేది ఫ్లెక్సీ. ఇక్కడ కొంచెం నిదానంగా లెక్క వేద్దాం, ఎందుకంటే 'సికి 100 చాలు' అని చెప్పే వాళ్లు ఈ లెక్క వేయరు. దేవుని కడప బ్రహ్మోత్సవాలకో, పెద్ద దర్గా ఉరుసుకో 20 అడుగులకు 10 అడుగుల బ్యానర్ చేస్తున్నారనుకోండి. అంటే 240 అంగుళాలకు 120 అంగుళాలు. అంగుళానికి 72 పిక్సెళ్లు పెట్టినా 17,280కి 8,640, దాదాపు 15 కోట్ల పిక్సెళ్లు. సీఎంవైకేలో, అంటే ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతిలో, పిక్సెల్‌కి 4 బైట్లు. ఒక్క నిండు లేయర్‌కే 570 ఎంబీ. అందులో అరడజను ఫోటోలు, నేపథ్యం, నీడలు, వెలుగులు అని లేయర్లు పెరుగుతూ పోతాయి. హిస్టరీలో వెనక్కి వెళ్లడానికి పాత స్థితులు కూడా దాచుకుంటుంది. ఇదంతా ర్యామ్‌లో పట్టదు కాబట్టి ఫోటోషాప్ డిస్క్ మీద స్క్రాచ్ ఫైల్ రాస్తుంది, మనం మార్చకపోతే అది సి డ్రైవ్‌లోనే. పెద్ద బ్యానర్ రెండు మూడు తెరిచిపెట్టుకుంటే 40, 50 జీబీలు కళ్ల ముందే మాయమై, ఫోటోషాప్ మూసేయగానే తిరిగి వస్తాయి. 'స్క్రాచ్ డిస్క్ నిండిపోయింది' అనే మెసేజ్ మీరు చూసే ఉంటారు. కస్టమర్ కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడే వస్తుంది అది. కాబట్టి స్క్రాచ్‌కి 50 ఖాళీ ఎప్పుడూ ఉండాల్సిందే. ఫ్లెక్సీకి అంగుళానికి 150 పెట్టమని ఎవరైనా చెబితే ఇదే లేయర్ రెండున్నర జీబీ అవుతుంది. దూరం నుంచి చూసే బ్యానర్‌కి అది అనవసరం. అయినా పెట్టి తీరతామంటే ఫైల్ 2 జీబీ దాటుతుంది, ఫోటోషాప్ మామూలు రకమైన పీఎస్‌డీగా సేవ్ కాదు, పెద్ద ఫైళ్ల రకమైన పీఎస్‌బీగా చేసుకోవాలి.

నడుస్తున్న పనుల ఫైళ్లు, వాట్సాప్‌లో కస్టమర్లు పంపే ఫోటోలు, ఇంకో 50 అనుకోండి. వాట్సాప్ డెస్క్‌టాప్ కూడా ఫోటోలు, వీడియోలు సి డ్రైవ్‌లోనే పెడుతుంది, చెప్పకుండా.

ఇక పాత పేజ్‌మేకర్ సంగతి. ఇది నిజానికి మీ ప్లాన్‌లో మూడో ఆపరేటింగ్ సిస్టమ్, మీరు లెక్కలో చేర్చలేదు. విండోస్ 11కి 32 బిట్ వెర్షన్ లేదు. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు, పాత కాలపు ఇన్‌స్టాలర్లు కొన్ని ఆ రకమే. కొన్ని తిప్పలు పడితే కొన్ని వెర్షన్లు నడుస్తాయి, కానీ పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఒక అప్‌డేట్ వచ్చి ఫాంట్లు తారుమారైతే ఎవరికి చెప్పుకుంటారు? నా సలహా ఏమిటంటే వర్చువల్‌బాక్స్‌లో (విండోస్ లోపలే ఇంకో సిస్టమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) 32 బిట్ విండోస్ 7 వేసి, పేజ్‌మేకర్, అను ఫాంట్స్ అందులో పెట్టేయండి. 32 బిట్ విండోస్ 7కి 16 జీబీ కావాలి, ఎక్స్‌పీ అయితే అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. వర్చువల్ డిస్క్‌కి 20 పెట్టండి. ఆ 20 మొదటి రోజే తీసుకోదు, వాడే కొద్దీ పెరుగుతుంది. అయితే లోపల ఫైళ్లు తీసేసినా బయట సైజు తనంతట తగ్గదు. స్నాప్‌షాట్లు (అప్పటికి ఉన్న స్థితిని దాచే కాపీలు) తీస్తూ పోతే ఇంకా ఉబ్బుతుంది, ఒకటి చాలు. దానికి ఇంటర్నెట్ ఇవ్వొద్దు. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది, ఎక్స్‌పీకి 2014లోనే. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ ద్వారా ఇచ్చి పుచ్చుకుంటే చాలు. మీ ఫాంట్లకు డాంగిల్ (లైసెన్స్ కోసం సిస్టమ్‌కి గుచ్చే చిన్న పరికరం) ఉంటే అది వర్చువల్ మెషీన్‌లో పనిచేస్తుందో లేదో, పాత డిస్క్ ఉండగానే పరీక్షించి చూసుకోండి.

కూడండి: 40, 6, 16, 7, 25, 30, 50, 50, 20. మొత్తం 244. ఎస్‌ఎస్‌డీ నిండే కొద్దీ రాయడం నెమ్మదిస్తుంది కాబట్టి పది పదిహేను శాతం ఖాళీ వదలాలి. అంటే సికి 280. ఇదంతా ఒకటే ముక్క. లోపల డి, ఇ అని గోడలు వద్దు.

'సి పోతే ఫైళ్లన్నీ పోతాయి కదన్నా, అందుకే కదా డిలో పెట్టేది' అంటారు. విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే డి ఉండటం వల్ల మేలే, నిజం. కానీ అదే ఎస్‌ఎస్‌డీలో ఉన్న డి, ఎస్‌ఎస్‌డీ చచ్చిపోతే సితో పాటే పోతుంది. మీ దగ్గర వేరే డిస్క్ ఉండనే ఉంది. ఆ 1 టీబీయే మీ డి డ్రైవ్. అయిపోయిన పనులన్నీ అందులో, నడుస్తున్న పనుల ఫోల్డర్ మాత్రం వేగం కోసం సిలో, రోజూ షట్టర్ దించే ముందు దాని కాపీ పాత డిస్క్‌లోకి. ఆ డిస్క్ ఆరోగ్యం మాత్రం ముందే చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్క్ పరీక్ష టూల్ వేసి రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (చెడ్డాయని అనుమానమున్నవి) అనే రెండు వరసలు చూడండి. ముడి విలువ సున్నా కాకపోతే, ముఖ్యంగా పెండింగ్ పెరుగుతూ ఉంటే, ఆ డిస్క్‌ని నమ్మొద్దు. బాగున్నా సరే, ఏళ్ల తరబడి చేసిన కార్డుల డిజైన్లకు ఇంకో కాపీ బయటి డిస్క్‌లో ఉండాల, అది షాపులో కాకుండా ఇంట్లో ఉండాల.

బామ్మర్ది ఉబుంటుకి వద్దాం. 'ఫుల్' అంటే వాడి ఉద్దేశం ఏమిటో అడగండి. ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో డిఫాల్ట్, ఎక్స్‌టెండెడ్ అని రెండు ఎంపికలు ఉంటాయి. రెండోదాంట్లో ఆఫీస్ లాంటివి అదనంగా వస్తాయి, అంతే. ఏది ఎంచుకున్నా మొదటి రోజు పది పదిహేను జీబీల దగ్గరే ఉంటుంది, తర్వాత ఏది కావాలన్నా ఒక్క కమాండ్‌తో వస్తుంది. ఉన్న ప్యాకేజీలన్నీ వేసేయడమే ఫుల్ అనుకుంటే మాత్రం అది కుదిరే పని కాదు. ఉబుంటుకి మూలమైన డెబియన్ అనే లినక్స్‌నే చూడండి, 2025 ఆగస్టులో వచ్చిన దాని 13వ వెర్షన్‌లో 69 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. అందులో ఒకదానితో ఒకటి పొసగనివి బోలెడు. తెలుగు కోసం ఎక్కువ కేటాయించాలా అని కొందరు అడుగుతుంటారు. ఫాంట్లు, కీబోర్డు, భాష ప్యాక్ అన్నీ కలిపినా మీ ఫ్లెక్సీ లేయర్ ఒక్కదానంత ఉండవు.

వాడికి జాగా తినేది చదువే. ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎస్‌డీకే (యాప్‌లు తయారుచేసే టూల్స్), ఒకటి రెండు ఎమ్యులేటర్లు (తెర మీద నడిచే నకిలీ ఫోన్లు) కలిస్తే 20, 30 జీబీలు మామూలు. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని విడి పెట్టెల్లో నడిపే టూల్) తన ఇమేజ్‌లు, అంటే ఆ పెట్టెల నకళ్లు, తీసేయమని చెప్పేదాకా కూడబెట్టుకుంటూ పోతుంది. పైథాన్‌లో మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు ఒక్కోదానికి విడిగా ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే, జీపీయూ లైబ్రరీలతో కలిపి ఒక్కోటి కొన్ని జీబీలు. స్నాప్ అనే రకం ప్యాకేజీలు ప్రతిదానికీ పాత వెర్షన్ ఒకటి అట్టిపెడతాయి. సిస్టమ్ జర్నల్ లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) డిస్క్‌లో పది శాతం దాకా, గరిష్ఠంగా 4 జీబీ, పెరగొచ్చు. పైగా ఉబుంటు ఫైళ్లను అమర్చే ఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ 5 శాతం జాగాను రూట్ యూజర్ (సిస్టమ్ పెత్తనం ఉన్న ఖాతా) కోసం ఆపి ఉంచుతుంది, అది ఖాళీగా ఉన్నా వాడికి అందదు. 110 జీబీలో అదే ఐదున్నర. అన్నీ చూసి వాడికి 110 ఇవ్వండి. నాలుగేళ్ల చదువుకి సరిపోతుంది, గేములు దించకుంటే.

ఆ 110 కూడా ఒకటే పార్టిషన్. రూట్ (సిస్టమ్ ఫైళ్లు) వేరు, హోమ్ (సొంత ఫైళ్లు) వేరు, వార్ (లాగులు, మారే డేటా) వేరు, బూట్ వేరు, స్వాప్ (ర్యామ్‌కి తోడుగా డిస్క్‌లో జాగా) వేరు అని పాత గైడ్లలో చదివి వచ్చి వాడు వాదించొచ్చు. అది వంద మంది లాగిన్ అయ్యే సర్వర్లలో ఒకడి ఫైళ్లో, లాగులో నిండి మొత్తం సిస్టమ్ ఆగిపోకుండా చేసుకున్న ఏర్పాటు. ఒక్కడు వాడే డెస్క్‌టాప్‌లో అది తిరగబడుతుంది. రూట్‌కి 30, హోమ్‌కి 80 ఇచ్చాడనుకోండి, డాకర్, స్నాప్ రెండూ పెరిగేది రూట్ వైపే, వార్ ఫోల్డర్‌లో. ఆర్నెల్లకు అక్కడ ఒక్క ఎంబీ ఉండదు, హోమ్‌లో 60 జీబీ ఖాళీగా ఉంటుంది. బూట్‌ని విడిగా చిన్నదిగా పెడితే కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ) అప్‌డేట్లు పేరుకుని అదీ నిండుతుంది. స్వాప్‌కి పార్టిషన్ అక్కర్లేదు, ఉబుంటు స్వాప్ ఫైల్‌ని తానే చేసుకుంటుంది. 16 జీబీ ర్యామ్ ఉంది కాబట్టి 4 జీబీ ఫైల్ చాలు. హైబర్నేట్ చేయాలంటేనే ర్యామ్ అంత స్వాప్ కావాలి. డెస్క్‌టాప్‌లో ఆ అవసరం నాకు కనబడలేదు.

ఇప్పుడు వరస. ఎంత అన్నదానికన్నా ఏది పక్కన ఏది అన్నది తర్వాత ఎక్కువ ఏడిపిస్తుంది. ఒక పార్టిషన్ కుడి వైపు ఆనుకుని ఖాళీ ఉంటేనే విండోస్ దాన్ని పెంచనిస్తుంది. మధ్యలో ఇంకోటి అడ్డం ఉంటే అవతల ఎంత ఖాళీ ఉన్నా దండగ. విండోస్ రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసే టూల్స్ ఉండేది) చాలాసార్లు సరిగ్గా సి వెనకే వచ్చి కూర్చుంటుంది, అడ్డం పడేది అదే. దాన్ని జరపాలంటే థర్డ్ పార్టీ టూలో, కమాండ్లో. ఎడమ వైపు నుంచి పార్టిషన్‌ని కదిపే పని అయితే లోపలి డేటా మొత్తాన్ని జరుపుతుంది, గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఫైల్‌సిస్టమే పోవచ్చు. మే నెల మధ్యాహ్నం, యూపీఎస్ బ్యాటరీ ముసలిదై ఉండగా, ఆ పని తలపెట్టొద్దు.

అందుకే ఇట్లా చేయండి. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా బూట్ చేసి, జీపార్టెడ్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీకి జీపీటీ టేబుల్ (పార్టిషన్ల పట్టిక) వేయండి. మొదట ఈఎఫ్‌ఐ పార్టిషన్ (సిస్టమ్ లేవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లు ఉండేది) 1 జీబీ, ఫ్యాట్32, ఈఎస్‌పీ ఫ్లాగుతో. విండోస్‌కి వదిలేస్తే దీన్ని 100 ఎంబీతో చేస్తుంది. ఉబుంటుకి అది సరిపోతుంది గానీ, రేపు మీ బామ్మర్ది కెర్నళ్లను అందులోనే దాచే ఇంకో లినక్స్‌కి మారితే చాలదు. బూట్ పార్టిషన్‌ని తర్వాత పెంచడం తలనొప్పి, 1 జీబీ పోతే పోనీ. దాని తర్వాత విండోస్ ఇన్‌స్టాలర్‌కి వెళ్లి మిగిలిన ఖాళీలో 280కి కొత్త పార్టిషన్ చేయమనండి. ఎంబీల్లో అడుగుతుంది, 280ని 1024తో గుణిస్తే 2,86,720. ఉన్న ఈఎఫ్‌ఐనే అది వాడుకుంటుంది, ఒక 16 ఎంబీ చిన్న ముక్క, రికవరీ ముక్క తనంతట చేసుకుంటుంది. రికవరీకి 1 జీబీ ఉంటే నిశ్చింత. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన ఒక అప్‌డేట్ చాలామందికి ఎక్కకపోవడానికి కారణం ఆ రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే.

ఉబుంటుని మాత్రం డిస్క్ చివరి 110లో పెట్టించండి. 280, 110, ఈఎఫ్‌ఐ 1, రికవరీ 1, మొత్తం 392. మిగిలిన 55 జీబీని సికి, ఉబుంటుకి మధ్య దేనికీ కేటాయించకుండా ఖాళీగా వదిలేయండి. 'కొన్న జాగా వృథా' అని షాపతను నవ్వొచ్చు. నవ్వనీండి. ఏడాది తర్వాత ఎవరికి ఇరుకైతే వాళ్లకు ఇస్తారు. సికి అయితే మధ్యలో రికవరీ ముక్కను జరిపితే చాలు, అది చిన్నది, నిమిషాల పని. ఉబుంటుకి అయితే ఎడమకి పెంచాలి, కాబట్టి బ్యాకప్ తీసుకుని, కరెంటు నమ్మకంగా ఉన్న రాత్రి పూట. అప్పటిదాకా ఆ ఖాళీ ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్‌కి ఊపిరి తీసుకునే జాగాగా పనికొస్తుంది.

ఇంకొన్ని, గబగబా. విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకేయండి. లేకపోతే ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్లను ఆ డిస్క్‌లో ఉన్న పాత ఈఎఫ్‌ఐలో పెట్టేయొచ్చు, రేపు ఆ డిస్క్ తీసేస్తే విండోస్ లేవదు. ముందు విండోస్, తర్వాత ఉబుంటు, ఆ వరసలోనే. విండోస్ ఎక్కాక ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా సగం నిద్రలో ఉన్నట్టే, ఉబుంటు నుంచి ఆ డ్రైవ్‌లు తెరిస్తే రీడ్ ఓన్లీ అంటుంది లేదా తెరవదు. హైబర్నేషన్ పూర్తిగా ఆపేస్తే ఆ ఆరున్నర జీబీ కూడా మిగులుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే 24హెచ్2 వెర్షన్ నుంచి డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డేటా చదవనివ్వని తాళం) తనంతట ఆన్ కావచ్చు. సెట్టింగ్స్‌లో చూసి, ఉంచాలనుకుంటే రికవరీ కీని కాగితం మీద రాసి షాపు గల్లాపెట్టెలో కాకుండా ఇంట్లో బీరువాలో పెట్టండి. ఉబుంటు వేశాక బూట్ మారినందుకు విండోస్ ఆ కీ అడగడం మామూలే.

మీరు వాడే ఫ్లెక్సీ ప్రింటింగ్ మెషీన్ మీ దగ్గరే ఉందా, డిజైన్ బయటికి పంపిస్తారా అన్నది రాయలేదు. మెషీన్ మీదే, దాని ఆర్‌ఐపీ సాఫ్ట్‌వేర్ (డిజైన్‌ని మెషీన్ ముద్రించే చుక్కలుగా మార్చేది) కూడా ఇదే సిస్టమ్‌లో నడుస్తుందంటే పై లెక్క మారుతుంది. ఒక్కో జాబ్‌కి అది పెద్ద తాత్కాలిక ఫైళ్లు చేస్తుంది. అప్పుడు ఆ 55ని మొదటి రోజే సికి కలిపి 335 చేయండి, ఆర్‌ఐపీ తాత్కాలిక ఫోల్డర్‌ని 1 టీబీ డిస్క్‌కి మళ్లించండి. పాత డిస్క్‌లో సెక్టార్ల అంకెలు ఎంత వచ్చాయో కూడా చూసి ఇక్కడ పెట్టండి. అవి చూశాక దాన్ని వాడొచ్చో లేదో చెబుతాను.